ఇద్దరు బాపుల కొడుకు, రెండు మెయిన్ల అర్జీ

అది 1949. పోలీస్ యాక్షన్ జరిగి, నిజాం పాలన పోయి తొమ్మిది నెలలు కావస్తోంది. తొలకరి పడి మెదక్ వీధులన్నీ బురదబురదగా ఉన్నాయి. తహసీలు కచేరీకి ఎదురుగా, రేకుల కింద, నాకొక అరుగు ఉండేది. దాని మీద చాప, చాప మీద వాలుబల్ల, బల్ల మీద ఇంకుబుడ్డి, నాలుగు కలాలు. పక్కన తాళం వేసిన కర్రపెట్టె. అదే నా దుకాణం.

నేను అర్జీనవీసును. కచేరీలో పని పడిన మనిషి నా ముందు కూర్చుని తన గోడు చెప్పుకుంటాడు. దాన్ని సర్కారు చెవికెక్కే భాషలో కాగితం మీద పెట్టడం నా పని. అర్జీలు ఉర్దూలో రాసేవాణ్ణి, ఇంటి ఒప్పందాలు తెలుగులో. నన్ను అందరూ మున్షీ సాబ్ అనేవారు. యాక్షన్ తర్వాత కచేరీలోకి ఇంగ్లీషు మెల్లగా దిగబడింది. నా అరుగు ముందు నుంచే కొత్త గుమాస్తాలు ఇంగ్లీషు ఫైళ్ళు చంకన పెట్టుకుని పోతుంటే నా కడుపు మండేది. నలభై దాటిన వయసులో, మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు, పెట్టె చాటున పలక పెట్టుకుని ఏ బీ సీ డీలు దిద్దుకుంటున్న మనిషికి కోపం రాకుండా ఎట్లా ఉంటుంది చెప్పండి? అప్పటికే నాకు ముక్కు మీద కోపమని పేరు.

నాకు పని నేర్పిన ఉస్తాద్‌ది ఒక పద్ధతి. ఎవరు ఏ అర్జీకి వచ్చినా, వాళ్ళ సంగతి మూడుసార్లు చెప్పించుకోవాలి. అప్పటిదాకా కలం ముట్టకూడదు. "మొదటిసారి చెప్పేది ఇంటికాడ నేర్చుకొచ్చిన మాట. రెండోసారి చెప్పేది మన మొకం జూసి అతికిచ్చిన మాట. మూడోసారికి మనిషి అలిసిపోతడు, అప్పుడు నిజం జెప్తడు. మూడింట్ల మారనిదే రాయి," అనేవాడు. ఆ పద్ధతి నేను తప్పలేదు. ఒక ముసలమ్మ మూడోసారి చెప్పమంటే నా మీద చెయ్యెత్తింది. "నీకు చెవుడుంటే దవాఖానకు పో కొడుకా, నా పానం దియ్యకు," అంది. అయినా మూడోసారి చెప్పింది. మూడోసారికే ఆమె అసలు ఫిర్యాదు అల్లుడి మీద కాదు, కూతురి మీద అని తేలింది.

ఇప్పుడు చెప్పబోయేది అల్లుళ్ళ తగాదా కాదు, పొలం గట్టు తగాదా కూడా కాదు. ముప్ఫయ్యేళ్ళు ఆ అరుగు మీద కూర్చుని ఎన్ని వేల కాగితాలు రాశానో నాకే తెలియదు. వాటిలో నా పాపం నాకే తిరిగివచ్చి నా ఎదురుగా కూర్చున్న కాగితం ఒకటే.

ఒక పొద్దున విఠల్ వచ్చాడు. పందొమ్మిదేళ్ళవాడు, సన్నగా, ఎత్తుగా ఉంటాడు. చెప్పులు అరుగు కింద విడిచి, తడిసిన గొంగడి దులిపి, బల్ల ముందు కూర్చున్నాడు. వాడిని నేను మూడేళ్ళ పిల్లవాడప్పటి నుంచి ఎరుగుదును. బజారులో కిరాణా దుకాణం ఉన్న కిష్టయ్య కొడుకు. టేక్మాల్‌లో సేద్యం చేసే మల్లయ్యకు కూడా కొడుకే. ఈ ఇద్దరు తండ్రుల సంగతి తర్వాత చెప్తాను.

"మున్షీ సాబ్, జర ఒక అర్జీ రాయాలె," అన్నాడు.

"ఎవరి మీద బిడ్డా?"

"ఎవరి మీద గాదు. పట్నంల కాలేజీకి."

చొక్కా లోపలి నుంచి మడతపెట్టిన ఫారం తీశాడు. ఇంటర్ పాసయి ఏడాదికి పైగా అయింది వాడికి. గొడవల్లో చదువు ఆగిపోయింది, ఇప్పుడు బీయేలో చేరాలి. బీయేలో ఒక సబ్జెక్టును లోతుగా చదవాలట, దాన్ని మెయిన్ అంటారట, మిగిలినవి దానికి తోడట. విఠల్‌కు ఒక మెయిన్ చాలదు. హిస్టరీ, లెక్కలు రెండూ మెయిన్లుగా కావాలి. అట్లా తీసుకోవాలంటే కారణం చూపిస్తూ ప్రిన్సిపాల్‌కు వేరే అర్జీ పెట్టుకోవాలి. ఆయన ఒప్పుకుంటే పొద్దున ఒక క్లాసు, సాయంత్రం ఒక క్లాసు. రెండింటిలో ఏ ఒక్కటి తప్పినా రెండూ పోయినట్టే లెక్క, మళ్ళీ మొదటి నుంచి చదవాలి. ఫారం పంపడానికి ఇంకా ఎనిమిది రోజులే గడువుంది.

"ఆ కాలేజీల చదివే మా దోస్తు ఒద్దన్నడు. రెండు మెయిన్లు దీస్కున్నోడు ఒకడు నడుమనే ఇంటికొచ్చిండట. పానం బాగలేకుంటయిందట," అన్నాడు విఠల్.

"మరి నీకేం రోగం? ఒకటి దీస్కోరాదు?"

"ఒకటి దీస్కుంటే అయ్యేటట్టు లేదు మున్షీ సాబ్."

అప్పుడే కచేరీ ముందు బండివాడెవడో కాడి కింద పడేశాడు. ధభీమని చప్పుడయింది. విఠల్ భుజాలు రెండూ చెవులదాకా లేచాయి. గోడ మూలకు జరిగి, బండిని చూశాకే మళ్ళీ బల్ల ముందుకు వచ్చాడు. నేను చూడనట్టు ఇంకుబుడ్డి మూత తిప్పుతూ కూర్చున్నాను.

"సరే, చెప్పు. ఎందుకు రెండు?" అన్నాను.

వాడు చెప్పింది ఇది.

"మెదక్ బాపుకు నేను వకీల్ కావాలని ఉన్నది. దానికి హిస్టరీ మంచిదంట. గొడవలప్పుడు నన్ను దేవులాడుకుంట వచ్చినోళ్ళు ఆయనను పట్కపోయి రెండు దినాలు ఉంచుకున్నరు. అరికాళ్ళ మీద కొట్టిన్రు. నేనేడున్ననో ఆయనకు తెలుసు. చెప్పలే. ఆయన దిక్కు మాట్లాడెటందుకు ఒక్క వకీల్ గూడ రాలే. గందుకే నన్ను వకీల్ కమ్మంటున్నడు. నేనెట్ల కాదంట? టేక్మాల్ బాపుకేమో నేను లెక్కలు సదవాలని ఉన్నది. సర్వే గొలుసు పట్కొచ్చినోడు పొలం గొల్శి, గెట్టు మన దిక్కు జరిపి పోతే, తప్పని చెప్పెటందుకు ఇంట్ల లెక్కొచ్చినోడు లేకపాయె. ఆయన నన్ను ఏడు నెల్లు అటుక మీద దాసిండు. దొరికితే ఇల్లు కాలవెడుదురు. నేనెట్ల కాదంట?"

జరిగింది నాకు కొంత తెలుసు. పట్నంలో చదువుతున్నప్పుడు పిల్లలతో కలిసి, నిజాం వద్దన్న ఇండియా జెండా ఎత్తడానికి పోయాడని వీడి పేరు సర్కారు కాగితానికెక్కింది. వీడు ఇల్లు చేరాడు. మెదక్‌లో దాస్తే దొరుకుతాడని టేక్మాల్ పంపారు. తనను పట్టుకుపోయింది ఎవరో కిష్టయ్య ఈనాటికీ పేరు పెట్టి చెప్పలేదు. అడిగితే, "అయిపోయింది గదా, పోనియ్," అంటాడు. నడక మాత్రం అప్పటి నుంచి కుంటుతోంది.

"ఇంకోసారి చెప్పు," అన్నాను విఠల్‌తో.

చెప్పాడు. ఈసారి టేక్మాల్ బాపు ముందు వచ్చాడు, మెదక్ బాపు వెనక వచ్చాడు. మూడోసారి చెప్పమన్నాను. మళ్ళీ అదే. ఒకాయన దాచాడు, ఒకాయన చెప్పలేదు. నా ఉస్తాద్ పద్ధతి ప్రకారం మూడుసార్లూ మారని మాట దొరికినట్టే. కలం ముంచాల్సిందే. ముంచాను కూడా. కాని మొదటి అక్షరం పడలేదు.

"బిడ్డా, మూడుసార్లు చెప్పినవ్. మెదక్ బాపు మూడుసార్లొచ్చిండు. టేక్మాల్ బాపు మూడుసార్లొచ్చిండు. నువ్వే ఒక్కసారి గూడ రాలే. నీకేం సదవాలని ఉన్నది?"

వాడు నా వైపు వింతగా చూశాడు.

"నాదేమున్నది మున్షీ సాబ్? నేను ఇద్దరికి సగం సగం గదా. మీరే రాసిన్రంట గదా."

వెక్కిరించడానికి అనలేదు వాడు. పొద్దు తూర్పున పొడుస్తుంది గదా అన్నంత మామూలుగా అన్నాడు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. వారపు అంగడి నాడు ఇద్దరు బాపులనూ వెంటబెట్టుకుని రమ్మని చెప్పి వాణ్ణి పంపించేశాను. ఇంకో అర్జీ కోసం వచ్చిన మనిషిని ఊరికే కసిరి వెళ్ళగొట్టి, కర్రపెట్టె తాళం తీశాను.

నేను రాసే ప్రతి ఒప్పందానికీ నా దగ్గర ఒక నకలు ఉంచుకుంటాను. పదహారేళ్ళ కిందటి కట్ట అడుగున ఉంది. చెదలు మూలలు తిన్నాయి గాని రాత చెక్కుచెదరలేదు. కిష్టయ్యకు పిల్లలు లేరు. తమ్ముడు మల్లయ్యకు ముగ్గురు. మూడోవాడు విఠల్‌ను మూడేళ్ళప్పుడు అన్నకు దత్తత ఇచ్చాడు. అయితే పూర్తిగా వదులుకోలేక, వాడు రెండిళ్ళకూ కొడుకే అన్న షరతు పెట్టాడు. ఇద్దరు తండ్రుల దత్తత మా వైపు అక్కడక్కడ ఉన్నదే. కాని కాగితం ఎట్లా రాయాలో నాకు తెలియదు. అప్పుడు నేను కొత్తవాణ్ణి, ఉస్తాద్ పోయి ఏడాది కూడా కాలేదు. తెలియదని చెప్పడానికి నామోషీ.

దత్తత కాగితం కిందనే, అదే తేదీతో ఇంకో నకలు ఉంది. అది అన్నదమ్ములు బావి పంచుకున్న కాగితం, వేరే ఊరివాళ్ళది. ఆ పొద్దున అది రాసి, మధ్యాహ్నం దత్తతకు కూర్చున్నాను. రెండూ పక్కపక్కన పెట్టి చదివాను.

బావి కాగితంలో ఇట్లా ఉంది: "సదరు బాయి నీటి యందు ఉభయులకును సరిసగము హక్కు గలదు. ఇందులో ఒకరికి ఎక్కువ గాని మరొకరికి తక్కువ గాని లేదు."

దత్తత కాగితంలో ఇట్లా ఉంది: "సదరు చిరంజీవి విఠల్ యొక్క పోషణ, చదువు, పెండ్లి యందు ఉభయులకును సరిసగము హక్కు గలదు. ఇందులో ఒకరికి ఎక్కువ గాని మరొకరికి తక్కువ గాని లేదు."

బావి అని ఉన్నచోట పిల్లవాడి పేరు పెట్టాను. అంతే నేను చేసిన ఘనకార్యం. ఆ రోజు దాన్ని పదిమంది ముందు గొంతెత్తి చదివితే అందరూ తలలూపారు. "ఎంత ముద్దుగ రాసిన్రు మున్షీ సాబ్," అని కిష్టయ్య భార్య నాకు రెండు లడ్లు ఎక్కువ పెట్టించింది. నేను సిగ్గులేకుండా తిన్నాను.

అన్నదమ్ములిద్దరూ ఆ కాగితాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించారు. దసరాకు మెదక్, దీపావళికి టేక్మాల్. ఎండాకాలం అక్కడ, బడి ఇక్కడ. పిల్లవాడికి మొదటి పాలపన్ను ఊడితే ఎవరి ఇంటికప్పు మీద వేయాలని పంచాయితీ వచ్చిందట. మొదటిది మెదక్ ఇంటి మీద వేసి, రెండోది ఊడేదాకా ఎదురుచూసి, బండికట్టి తీసుకుపోయి టేక్మాల్ ఇంటి మీద వేశారు. ఈ సంగతి కిష్టయ్యే నాతో నవ్వుకుంటూ చెప్పాడు, నేనూ నవ్వాను. ఆ కాగితాల కట్ట ముందు కూర్చున్న రోజు మాత్రం నవ్వు రాలేదు. ఆ పిల్లవాడు పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి తనను తాను సగాలుగానే లెక్కపెట్టుకున్నాడు. ఇప్పుడు చదువు దగ్గరికి వచ్చేసరికి రెండు సగాలకూ చెరొక మెయిన్ అడుగుతున్నాడు. తప్పు కిష్టయ్యది కాదు, మల్లయ్యది కాదు, నాది.

అంగడి నాడు ముగ్గురూ వచ్చారు. ఆ రోజు నాకు గిరాకీ ఎక్కువ ఉండే రోజు. అయినా బల్ల మీద గుడ్డ కప్పి, వచ్చినవాళ్ళకు రేపు రమ్మని చెప్పాను. ముగ్గురికీ చాయ్ చెప్పాను. కిష్టయ్య కాలు చాపుకుని గోడకు ఆనుకున్నాడు. మల్లయ్య తలగుడ్డ తీసి మోకాలి మీద పెట్టుకుని, అన్న కన్నా ఒక జానెడు కిందకు దిగి కూర్చున్నాడు. ఎన్నేళ్ళు వచ్చినా వాళ్ళు కూర్చునే తీరు అదే. విఠల్ ఇద్దరికీ సరిగ్గా నడుమ కూర్చున్నాడు. అది చూస్తే నాకు ఒళ్ళు మండింది.

రెండు కాగితాలూ చదివి వినిపించాను. ముందు బావి, తర్వాత పిల్లవాడు. చదివి, నా తప్పు ఒప్పుకోవడానికి గొంతు సవరించుకున్నాను.

"దాండ్ల తప్పేమున్నది మున్షీ సాబ్? మస్తు రాసిన్రు," అన్నాడు కిష్టయ్య.

"పదారేండ్లు గా కాయితం మీదనే నడిస్తిమి. ఒక్క మాట రాలే మా నడుమ," అన్నాడు మల్లయ్య.

"మాట మీ నడుమ రాలేదయ్యా! మీ నడుమ ఉన్నోని సంగతి జూసిన్రా?" అని అరిచాను. కచేరీ జవాను అటునుంచి తొంగి చూశాడు. "ఈడు రెండు మెయిన్లు అడుగుతున్నడు. ఎందుకో తెలుసా? కిష్టయ్య చెప్పిందొకటి, మల్లయ్య చెప్పిందొకటి. ఒక్కదాంట్ల తప్పినా రెండూ పోతయ్. కాడి కిందవడ్డ సప్పుడుకే గజగజలాడుతున్నడు పోరడు. గంత బరువు మొయ్యగలడా?"

ఇద్దరూ ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. ఎవరికి వారు తన కోరిక చెప్పారే గాని, రెండూ కలిసి ఒక్క నెత్తి మీద కూర్చుంటాయని వాళ్ళకు తట్టనే లేదు. మల్లయ్యే ముందు తెమిలాడు.

"అట్లయితే లెక్కలు ఇడిసిపెట్టుమను. అన్న చెప్పిందే సదవనియ్యండ్రి. ఆయన కాళ్ళు జూడుండ్రి మున్షీ సాబ్. ఒక్క మాట జెప్తే ఆ దెబ్బలు తప్పుతుండె. చెప్పకపాయె. నేనేం జేసిన? అటుక మీద ఇన్ని రొట్టెలు పెట్టిన. గంతే గదా."

"నువ్వు ఊకో తమ్మీ," అన్నాడు కిష్టయ్య. "రెండు దినాల దెబ్బలు పెద్దయా, ఏడు నెల్ల భయం పెద్దదా? దొరికితే నీ పెండ్లాం పిల్లలు బజార్ల వడుదురు. హిస్టరీ ఏం ఒద్దు. లెక్కలే సదవనియ్."

"అన్న మాట కాదని సదివే సదువు మనకెందుకు?"

"నీ ఉప్పు దిని బతికిన పోరడు నీ మాట ఇనకుంటే ఎట్ల?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పదహారేళ్ళు సగం సగం పట్టుకున్నవాళ్ళు ఇప్పుడు ఎవరి సగం వాళ్ళు అవతలివాడికి తోసేస్తున్నారు. నడుమ విఠల్ తల అటు ఒకసారి, ఇటు ఒకసారి తిరుగుతోంది. అంటే మళ్ళీ మొదటికే వచ్చాం. ప్రేమ ఎక్కువైనా ఇంతే, మనిషికి ఊపిరాడదు.

"ఇద్దరూ నోళ్ళు మూస్కోండ్రి!" అన్నాను బల్ల చరిచి. "విఠల్, నాలుగోసారి చెప్పు. ఈసారి బాపుల పేరెత్తినవో, ఈ ఇంకంత నీ నెత్తిన కుమ్మరిస్త."

వాడు నోరు తెరిచాడు, మూశాడు. మళ్ళీ తెరిచాడు. బాపు అన్న మాట లేకుండా వాక్యం ఎట్లా మొదలుపెట్టాలో వాడికి రాలేదు. నేను తొందరపెట్టలేదు. అంగడి రొద వినపడుతోంది, చాయ్ చల్లారిపోతోంది. ఆఖరికి వాడు నేల చూస్తూ మొదలుపెట్టాడు.

"అటుక మీద పుస్తకాలు లేకుండె. ఒక బొగ్గు ముక్క దొరికింది. దూలం మీద లెక్కలు చేసేటోన్ని. ఇంటర్ల చేసినయే, యాదికున్నయి. మొత్తం దూలం నిండినంక తుడిచి మల్ల చేసేటోన్ని." కొంచెం ఆగాడు. "వాకిట్ల ఎవలు నడిచినా పానం గుంజుకుపోయేది. చెప్పుల సప్పుడయితే చాలు, నా కోసమే వచ్చిన్రనుకునేది. గాని లెక్క పట్టుకుంటే అది తెగేదాంక ఏ సప్పుడు ఇనబడకపోయేది. ఆ జరసేపు భయం కాకపోయేది. నాకు లెక్కలు గావాలె మున్షీ సాబ్. పొలం గొల్శెటందుకు గాదు. నాకే గావాలె."

"మరి హిస్టరీ?"

"హిస్టరీ సదివితే నాకు నిద్రొస్తది," అన్నాడు, ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు.

మల్లయ్య తలగుడ్డ మొఖానికి అడ్డం పెట్టుకున్నాడు. తన మాటే నెగ్గింది గదా, సంతోషపడతాడనుకున్నాను. ఆయన వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"నేను కిందనే కూసుంటి కొడుకా. అటుక కిందనే మంచమేసుకుంటి. మీదినుంచి సప్పుడు రాకుంటే మంచిగ నిద్రవోయిండు అనుకుంటి. గంత భయపడ్డవా? ఏడు నెల్లు! ఒక్కనాడన్న చెప్పవైతివి?"

"చెప్తే నువ్వు గూడ భయపడ్తవని చెప్పలే బాపూ."

విఠల్ మల్లయ్య చేయి పట్టుకున్నాడు గాని, కిష్టయ్య వైపు మాత్రం తల తిప్పలేదు. తిప్పలేకపోయాడు. నాకు కూడా భయంగానే ఉంది. దెబ్బలు తిన్న మనిషి ఆయన. ఆ కుంటి కాలు మా అందరి మధ్య చాపి ఉంది. ఆయన ఒక్క మాట కటువుగా అంటే ఈ పిల్లవాడు మళ్ళీ రెండు మెయిన్లే అడుగుతాడు, చచ్చినా అడుగుతాడు.

కిష్టయ్య చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. చాపిన కాలు రెండు చేతులతో దగ్గరికి లాక్కుని, అరికాలు మెల్లగా రుద్దుకున్నాడు.

"విఠలా, ఇటు జూడు. జూడు బిడ్డా."

వాడు చూశాడు.

"నీకు భయం కావద్దనే గదరా నేను నోరు దెరవనిది. నువ్వు వకీల్ గావాలని కొట్టిచ్చుకున్ననా? నువ్వు బతకాలని. గా అటుక మీద జరసేపన్న నీకు భయం లేకుండె అంటే, నా రెండు దినాలు ఊకె పోలే. గది నాకు ఇయాల్నే ఎర్కయింది." ఆయన చెయ్యి చాపి వాడి భుజం మీద వేశాడు. "లెక్కలే సదువు పో," అన్నాడు.

విఠల్ ఆయన మోకాలి మీద తల పెట్టి ఏడ్చాడు. గడ్డాలు మీసాలు వచ్చిన పిల్లవాడు, నడి అంగడిలో. నాకు కళ్ళు తడిసినా, కలం చెక్కుతున్నట్టు తల దించుకున్నాను. మున్షీ ఏడిస్తే కాగితం మీద మచ్చలు పడతాయని ఉస్తాద్ అనేవాడు.

దత్తత కాగితం అసలును తెమ్మని నేను కబురు పెడితే కిష్టయ్య వెంట తెచ్చాడు. ఇద్దరి ఎదుట అందులో "చదువు" అన్న మాట ఎర్ర ఇంకుతో కొట్టేశాను. కింద ఇంకో వాక్యం చేర్చాను: "చదువు యందు హక్కు విఠల్‌దే." బావి కాగితంలోంచి కాదు, నా సొంత బుర్రలోంచి. కిష్టయ్య సంతకం పెట్టాడు, మల్లయ్య వేలిముద్ర వేశాడు.

నేను కలం అక్కడే ఉంచి, "పెండ్లి గూడ కొట్టేస్త," అన్నాను.

"ఏయ్, గది ముట్టకుండ్రి!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. అప్పుడు అందరం నవ్వాం. నా కలం అక్కడ ఆగిపోయింది గాని, విఠల్ చెవులు ఎర్రబడటం నేను చూశాను.

ఇక ఫారం మిగిలింది. ప్రిన్సిపాల్‌కు వేరే అర్జీ అవసరం లేకుండాపోయింది. నా బతుకులో, అర్జీ రాయకుండా గిరాకీని పంపుతూ సంతోషపడ్డ రోజు అదే. ఫారం ఉర్దూలో నింపినా నడిచేది, ఇంగ్లీషులో నింపినా నడిచేది. మెయిన్ అన్న కాలమ్ దగ్గర విఠల్ నన్ను ఆపాడు.

"ఇంగ్లీషుల రాయుండ్రి మున్షీ సాబ్. మీరు దిద్దుకుంటున్నరు గదా."

పెట్టె చాటు పలక సంగతి ఊరంతటికీ తెలుసని నాకు అప్పుడే తెలిసింది. సిగ్గుపడ్డాను. అయినా రాశాను. వాడు ఒక్కొక్క అక్షరం చెప్తుంటే మ్యాథమెటిక్స్ అని రాశాను. ఎంత పొడుగు మాటో! ఒకటే మెయిన్ అయినందుకు బతికిపోయాను, కాలమ్ అంతా దానికే సరిపోయింది. సర్కారు కాగితం మీద నేను రాసిన మొదటి ఇంగ్లీషు మాట అదే.

దాని కింద తండ్రి పేరు రాసే చోటు వచ్చింది. ఒకటే గీత. నా కలం ఆగింది. ఇన్నాళ్ళూ బడి కాగితాల్లో కిష్టయ్య పేరే ఉండేది, దత్తత తండ్రి గదా. మల్లయ్య అది తెలిసి, తలగుడ్డ చుట్టుకుంటున్నట్టు నటిస్తూ అటు తిరిగాడు. కిష్టయ్య నా వైపు చూశాడు. నేను ఈసారి ఆ ఇద్దరినీ అడగలేదు.

"ఏం రాయాలె బిడ్డా?" అన్నాను విఠల్‌ను.

"ఇద్దరి పేర్లు రాయుండ్రి."

"ఒకటే గీతున్నది గదరా."

"జర సన్నగ రాయుండ్రి. పడ్తయ్."

నా కలాల్లోకెల్లా సన్నటి పాళీ ఏరి తీసుకుని రాశాను. పట్టాయి.

కాలేజీ వాళ్ళు దాని గురించి మారుమాట అనలేదు. విఠల్ చదువు ముగించి లెక్కల పంతులయ్యాడు. కిష్టయ్య చనిపోయేదాకా దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ, "మావోడు లెక్కలు సదివిండు, హిస్టరీ అంటే నిద్రొస్తదట," అని గొప్పగా చెప్పుకునేవాడు. మల్లయ్య ఆ అటుక దూలానికి సున్నం వేయనివ్వలేదు.

ఆ తర్వాత నా అరుగు మీద పద్ధతి కొంచెం మారింది. మూడుసార్లు చెప్పించుకోవడం మానలేదు. ఉస్తాద్ మాట ఉస్తాద్ మాటే. కాని కాగితం ఎవరి బతుకు గురించో, ఆ మనిషిని తీసుకొచ్చి నా ముందు కూర్చోబెడితే తప్ప కలం ముంచేవాణ్ణి కాను. పిల్ల పెళ్ళి ఒప్పందమైతే పిల్ల రావాలి, దత్తతైతే పిల్లవాడు రావాలి. "మూడేండ్ల పోరనికి ఏం తెలుస్తది మున్షీ సాబ్?" అని కొందరు విసుక్కునేవారు. తెలిసేదాకా ఆగి రాయించుకోండని చెప్పేవాణ్ణి. గిరాకీ కొంత పోయింది, పోనీ. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు మొట్టమొదట పెట్టె తెరిచి ఆ రెండు నకళ్ళూ పక్కపక్కన పెట్టి చదివించేవాణ్ణి. ఇవి రాసిన మూర్ఖుడెవరని వాళ్ళు అడిగితే, నేనేనని చెప్పేవాణ్ణి.